మూడో మెట్టు మనిషి

"ఆడవాళ్లు చాలావరకు మూడో మెట్టు దగ్గరే ఆగిపోతారు," అన్నాడు ఆయన, ఆమె నేల తుడవడానికి వీలుగా రెండు కాళ్లూ ఎత్తి కుర్చీ మీద పెట్టుకుంటూ.

అన్నది భార్యతో కాదు, ఫోన్‌లో ఎవరో విద్యార్థితో. ఆయన కాలేజీలో నీతిశాస్త్రం చెబుతాడు. మంచీ చెడూ తెలిసే బుద్ధి మనిషిలో మెట్లు మెట్లుగా ఎదుగుతుందని, మొత్తం ఆరు మెట్లని, పరీక్షలో ఇది తప్పకుండా వస్తుందని చెబుతాడు. దెబ్బలకు భయపడి బుద్ధిగా ఉండేవాడిది మొదటి మెట్టు. నలుగురి చేతా మంచి అనిపించుకోవాలని తాపత్రయపడేవాళ్లది మూడో మెట్టు. లోకం ఏమనుకున్నా, చట్టం ఏమన్నా, తన మనస్సాక్షి చెప్పిన న్యాయానికి కట్టుబడేవాడిది ఆరో మెట్టు. అంత ఎత్తుకు ఎక్కేది ఏ కోటికో ఒక్కరట. ఆ ఒక్కరూ ఎవరో ఆయన ఎన్నడూ నోరు తెరిచి చెప్పలేదు గానీ, క్లాసు పిల్లలకు అర్థమైపోయింది. చాటున ఆయన్ని ఆరోమెట్టు అంటారు. ఒకసారి కాలేజీ గేటు దగ్గర ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి ఆమె మనసులోనూ ఆయనకు అదే పేరు.

ఆమె కుర్చీ కింద తుడిచింది. ఆరోమెట్టు కాళ్లు దించాడు, ఆ తడి మీదే. పాదాల ముద్రలు పడ్డాయి. మళ్లీ తుడిచింది.

ఆమెకు కోపంగా ఉంది. ఈవేళ పుట్టిన కోపం కాదు, చాలాకాలంగా అన్నంతోపాటు నములుతూ వచ్చిన కోపం. ఆమె రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. అక్కడికి కొత్త మెషీన్ వస్తోంది. దాని మీద పని నేర్చుకోవడానికి ఒకరిని ఆరు వారాలు వేరే ఊరు పంపుతారు. తిరిగొచ్చాక ఆ విభాగం వాళ్ల చేతికే ఇస్తారు. "సోమవారం పొద్దున్న చెప్పు. పోయినసారిలా చేయకు," అంది ల్యాబ్ నడిపే డాక్టరమ్మ. పోయినసారి ఇలాంటి అవకాశమే వస్తే, అప్పుడే అత్తగారు జారిపడి మంచం పట్టారు. ఈమె మానుకుంది. ఆవిడ ఇంకా లేవలేదు, పగలు ల్యాబ్ నుంచి మధ్యమధ్య వచ్చి చూసి వెళ్లేదీ ఈమే. బదులుగా వెళ్లిన పిల్లకు నరం దొరకబుచ్చుకోవడం నేర్పింది ఈమే. ఇప్పుడు ఈమె చేసిన పరీక్షల కింద ఆ పిల్ల సంతకం పెడుతుంది. "అక్కా, కాస్త త్వరగా," అంటుంది. అక్కా అనే అంటుంది పాపం, ఒళ్లు మండేది అందుకే.

ఆరోమెట్టు వెళ్లొద్దని అనలేదు. అని ఉంటే తిట్టుకోవడానికైనా ఉండేది. మొదట ఫలితవాదం తీశాడు. ఇంట్లో ముగ్గురం, నువ్వు వెళితే ఒకరికి లాభం, ఇద్దరికి కష్టం, ఎక్కువమందికి మేలు ఏదో నువ్వే చూసుకో అన్నాడు. పగలు అత్తయ్యను చూడటానికి మనిషిని పెట్టుకుందాం, వచ్చాక నా జీతం పెరుగుతుంది, అప్పుడు ముగ్గురికీ మేలే కదా అని ఆమె అంటే, వెంటనే కర్తవ్యవాదంలోకి దూకాడు. కర్తవ్యం లాభనష్టాలు బేరీజు వేయదట. ఎవరి కర్తవ్యం, ఎవరి తల్లి అని ఆమె అడిగితే, సద్గుణవాదం దగ్గర తేలాడు. సహనం ఒంటికి పట్టిన మనిషికి అసలు ఈ ప్రశ్నే రాదట. ఏ ఎండకా గొడుగు. ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఈయన ఇంత చదువు చదివింది గొడుగులు మార్చడానికా అనిపించింది ఆమెకు. చివరికి పుస్తకం మూసి, ఎంతో ఉదారంగా అన్నాడు.

"నేను బలవంతపెట్టే మనిషిని కాదు. నీ మనస్సాక్షికే వదిలేస్తున్నాను."

ఈ ఇంట్లో అంట్ల దగ్గర్నుంచి అత్తగారి పక్క దాకా అన్నీ ఆమె మనస్సాక్షికే వదిలేశారు. ఆయన మనస్సాక్షి మాత్రం ఇస్త్రీ చొక్కాలా మడత నలగకుండా బీరువాలో ఉంది. ఆ ఇస్త్రీ చేసేదీ ఆమే.

ఆదివారం మధ్యాహ్నం కాలేజీ నుంచి ఇద్దరు లెక్చరర్లు భోజనానికి వచ్చారు. వడ్డన సగంలో ఉండగా ఆరోమెట్టు తన క్లాసు కథ ఎత్తుకున్నాడు. ఒకడి భార్య చావుబతుకుల్లో ఉంటుంది. మందు ఊళ్లో ఒక్క దుకాణంలోనే దొరుకుతుంది. ధర వాడికి అందదు, దుకాణదారు కనికరించడు. మొగుడు తాళం పగలగొట్టి మందు ఎత్తుకు రావచ్చా, రాకూడదా? ఒకాయన చట్టం అన్నాడు. ఇంకొకాయన ప్రాణం ముందు చట్టమెంత అన్నాడు. ఆస్తి కంటే మనిషి గొప్ప అని ముగ్గురూ ఒప్పుకునేసరికి ఆమె రెండుసార్లు వంటింట్లోకి వెళ్లొచ్చింది.

"మా ఆవిణ్ణీ అడుగుదాం," అన్నాడు ఆరోమెట్టు హుషారుగా.

ఆమె గరిటె పట్టుకుని నిలబడి నిజంగానే ఆలోచించింది. "అతను మందు కోసం వెళ్లినప్పుడు ఆమె దగ్గర ఎవరున్నారు?" అంది.

ఆయన పకపకా నవ్వాడు. "చూశారా? అడిగింది న్యాయం గురించి. ఈవిడ పక్కన ఎవరు కూర్చున్నారంటోంది. అచ్చంగా మూడో మెట్టు."

"పోనీలెండి, వంట మాత్రం ఆరో మెట్టే," అన్నాడు చట్టం ఆయన. ముగ్గురూ నవ్వారు.

అప్పుడే లోపలి గదిలోంచి "అమ్మాయ్" అని పిలుపు వచ్చింది. మనిషి గొప్ప అని అంతసేపు వాదించిన ముగ్గురిలో ఒక్కరి చెయ్యి కూడా కంచంలో ఆగలేదు. ఆమె గరిటె గిన్నెలో పడేసి లోపలికి వెళ్లింది.

పక్క తడిసింది. అత్తగారిని ఒక పక్కకు ఒత్తిగిల్లజేసి, దుప్పటి లాగింది. అవసరమైన దానికంటే గట్టిగానే లాగింది.

"కోపం దుప్పటి మీద చూపించకు, చిరుగుతుంది," అంది అత్తగారు.

ఆవిడేమీ దేవత కాదు. కొత్తకోడలి కాఫీలో పంచదార తక్కువైందని ఏడాది పొడుగునా దెప్పిన మనిషి. ఇప్పుడు గోడ వైపు తిరిగి పడుకుని నెమ్మదిగా అంది. "అంతా వింటూనే ఉన్నాను. అంత వాదించుకున్నారు కదా, ఆ మంచం మీదున్న దాన్ని ఒక్కడైనా అడిగాడా, నీకేం కావాలమ్మా అని?"

ఆమె చేతులు ఆగిపోయాయి. ఎవరూ అడగలేదు. ఇన్నాళ్లూ ఈ మంచాన్ని అడ్డం పెట్టి ఆయన ఆపుతున్నాడు, ఈమె ఆగుతోంది. ఈ మంచం మీది మనిషిని తనూ అడగలేదు. మంచం అంచున కూర్చుని ఆరు వారాల సంగతి మొదటి నుంచీ చెప్పింది. ఏం చేయమంటారు అత్తయ్యా అని అడిగింది.

"నువ్వు లేకపోతే నాకు కష్టమే. నీ చెయ్యి అలవాటైపోయింది, అబద్ధమెందుకు. కానీ నా పేరు చెప్పుకుని వాడు నిన్ను ఆపుతుంటే నాకు ఒళ్లు మండుతోంది. వాడి గుడ్డలు ఉతికినన్నాళ్లూ నేను ఏ మెట్టు మీదున్నానో ఎవరూ చూడలేదు. ఇప్పుడు వాడికి సిగ్గయితే కళ్లు మూసుకుని తుడవమను."

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పొడి దుప్పటి పరిచి సర్దింది. నువ్వు బయల్దేరేలోపు వాడికి చెయ్యి తిరగాలి, రేపటి నుంచే మొదలుపెడదాం అంది అత్తగారు, పనిమనిషిని కుదుర్చుకున్నంత మామూలుగా.

సోమవారం పొద్దున్న ఆమె డాక్టరమ్మకు ఫోన్ చేసి వెళుతున్నానని చెప్పింది. తర్వాత కాఫీ కలుపుకుని, ఎన్నడూ లేనిది, వేడిగా ఉండగానే ఆయన ఎదురుగా కూర్చుంది. వచ్చేవారం వెళుతున్నానని, పగటికి మనిషిని మాట్లాడానని, పొద్దునా రాత్రీ మీరేనని చెప్పింది.

ఆరోమెట్టు కళ్లజోడు తీశాడు. "నేనా? నాకేం చేతనవుతుంది? ఆవిణ్ణి శుభ్రం చేయడం, బట్టలు మార్చడం... అసలు ఇది న్యాయమో కాదో ఒక్కసారైనా ఆలోచించావా?"

"మీ మనస్సాక్షికే వదిలేస్తున్నానండీ," అంది ఆమె.

లోపలి గదిలోంచి పిలుపు వినిపించింది. "అబ్బాయ్."

ఆ గదిలోంచి ఆ మాట ఇంతవరకు ఎప్పుడూ రాలేదు. ఆయన తలుపు వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. ఆమె కాఫీ తాగుతోంది.

"అబ్బాయ్," అంది అత్తగారు మళ్లీ, కాస్త గట్టిగా. "పక్క తడిసింది."