కుర్చీ ఎక్కడ వేస్తే అక్కడే

మా అపార్ట్‌మెంటు ఆవరణలో అందరూ కూర్చునే చోటు కట్టాలని వెలిన్ అనే ఆర్కిటెక్టు వచ్చాడు. కాగితం తియ్యలేదు, టేపు పట్టలేదు. ఆదివారం ఎవరి కుర్చీ వాళ్ళు కిందికి తెచ్చుకుని, నచ్చినచోట వేసుకుని కూర్చోమన్నాడు. సాయంత్రానికి ఎవరెక్కడుంటే అక్కడే సిమెంటు బల్లలు కడతాడట.

నా చోటు ఎక్కడో అతను చెప్పాలా? లిండెన్ చెట్టు కింద. పెళ్ళయి ఈ డాన్యూబ్ ఒడ్డుకు వచ్చినప్పటి నుంచి నేనూ, పక్కింటి పెన్కా ఏటా పచ్చడికి లావుపాటి ఎర్ర మిరపకాయలు అక్కడే కాల్చాం, తొక్కలు వలుస్తూ ఊరందరినీ ఉతికి ఆరేశాం. పెన్కా అంటే నాకు ప్రాణం. అందరికంటే ముందు దిగి, పక్కన దానికి చోటు వదిలి కూర్చున్నాను.

పెన్కా కుర్చీ చంకన పెట్టుకుని తిన్నగా చెత్తడబ్బాల వైపు నడిచింది. అక్కడ ఇస్క్రా కూర్చుంది. నిన్నగాక మొన్న మూడో అంతస్తులో దిగిన మనిషి. నవ్విందంటే వీధి చివరిదాకా వినిపిస్తుంది. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా? మధ్యాహ్నానికి అపార్ట్‌మెంటంతా ఆమె చుట్టూ చేరింది. ఆమె మిరపకాయ పచ్చడి నేను తిన్నాను, ఉప్పు తప్ప రుచి లేదు. పెన్కా మాత్రం వేళ్ళు నాకుతోంది.

"ఒసే దోనా, ఒక్కదానివే అక్కడేం చేస్తావే? కుర్చీ లాక్కుని ఇటు రా" అని అక్కడి నుంచే పిలిచింది.

"కావాలంటే నువ్వే రా. ఆ చెత్తకంపు నేను పీల్చలేను."

"అబ్బో, మహారాణి" అని నవ్వింది. ఇస్క్రా కూడా నవ్వింది. ఇక కదిలితే నా పేరు దోనా కాదు అనుకున్నాను.

సాయంత్రం వెలిన్ సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంటూ నా దగ్గరికొచ్చాడు. నిజంగా ఇక్కడేనా పిన్నీ అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. ఇక్కడే, గియ్యవయ్యా అన్నాను. నా కుర్చీ కాళ్ళ చుట్టూ గీత గీశాడు.

చలి తగ్గాక కట్టేశారు. అటు చెత్తడబ్బాలు దూరంగా జరిపి గుండ్రంగా తిరిగిన పొడుగాటి బల్ల, మధ్యలో మిరపకాయలు కాల్చే పొయ్యి. ఇటు చెట్టు కింద నాకొక దిమ్మె, అచ్చం నా కుర్చీ అంత.

నిన్న పెన్కా రెండు కప్పుల కాఫీతో నా దగ్గరికి వచ్చింది. అలిగింది చాల్లే అంది. ఇస్క్రా గొంతు వినీ వినీ తలనొప్పి వస్తోందట. నా ప్రాణం లేచొచ్చింది.

"కూర్చోవే" అని పక్కకు జరగబోయాను.

"ఎక్కడే?" అంది పెన్కా.

నిలబడే కాఫీ తాగింది. మోకాళ్ళు లాగుతున్నాయంటూ ఖాళీ కప్పు నా చేతిలో పెట్టి, అటు వెళ్ళి ఇస్క్రా పక్కన కూర్చుంది.