నీళ్లు లేకుండా తోమిన అంట్లు

"నాకు అంట్లు తోమడం రాదు కదా" అన్నాడు మా ఆయన, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

నేను అడిగింది కూడా పెద్ద కోరికేమీ కాదు. ఈ వేసవి సెలవుల్లో టీచర్లందరికీ శిక్షణ పెట్టారు. పాట, బొమ్మ, నాటకం పాఠంలో ఎలా కలపాలో నేర్పుతున్నారు. మేమిద్దరం ఒకే బడిలో పనిచేస్తాం, ఒకే బండి మీద శిక్షణకు వెళ్తాం, ఒకే బండి మీద ఇంటికొస్తాం. చివరి రోజు ఒక్కొక్కరూ ఒక పాఠం చేసి చూపించాలి. అందరిలోకీ బాగా చేసినవాళ్లని వచ్చే ఏడాది శిక్షణ ఇచ్చే బృందంలోకి తీసుకుంటారు. అది నాకు కావాలి. భిన్నాలను చప్పట్ల తాళంతో చెప్పాలని ఆలోచన. మొత్తం చప్పట్లో అర చప్పట్లు, పావు చప్పట్లు ఎలా ఇముడుతాయో పిల్లలకు చేతుల్లోనే తెలిసిపోవాలి. దానికి సాధన కావాలి, సాధనకు సాయంత్రం కాస్త తీరిక కావాలి. శిక్షణ అయ్యేదాకా అంట్ల పని ఒక్కటీ తీసుకోమన్నాను, అంతే.

"ఏదో ఒకటి పగలగొడతాను. జిడ్డు వదలదు. మళ్లీ నువ్వే తోముకోవాలి. నీకు రెండు పనులెందుకు చెప్పు?" అన్నాడు, నా మేలు కోరినట్టే.

లోపలి గదిలోంచి అత్తగారు అందుకున్నారు. "వాడికి చిన్నప్పట్నుంచీ ఆ పనుల్లో చెయ్యి తిరగదమ్మా. నేనే వంటింట్లోకి రానిచ్చేదాన్ని కాదు."

నేను మా నాన్న దుకాణంలో, కాటా పక్కన కూర్చుని పెరిగినదాన్ని. లేని సరుకు కోసం కొట్టువాడితో ఎవరూ తగువాడరు. లేదంటే లేదు, అంతే. పెళ్లయినప్పటి నుంచీ ఆయన విషయంలోనూ అలాగే సరిపెట్టుకున్నాను. ఈ మనిషి దగ్గర ఈ సరుకు లేదు, ఇంకోటేదో ఉంటుందిలే అని. ఆ ఇంకోటేదో కోసం ఇప్పటికీ చూస్తున్నాను. సరే, సింకు దగ్గరికి వెళ్లాను. పళ్లెం మీద పీచు తిప్పుతూ నోటితోనే తాళం వేసుకున్నాను. సబ్బు చేతులతో చప్పట్లు కొట్టలేం కదా.

శిక్షణ హాల్లో మాత్రం వేరే లోకం ఉందా అంటే లేదు. బృందాలుగా కూర్చోబెట్టి, చార్టులు ఇచ్చి, మాస్కులు చేయమంటారు. కత్తెరా జిగురూ మా ఆడవాళ్ల చేతికొస్తాయి, మైకు మగవాళ్ల చేతికి పోతుంది. మేము కోసి అంటించింది పట్టుకుని సైన్సు సారు "మా బృందం ఆలోచన ఏమిటంటే" అని మొదలుపెడతాడు. పొద్దుటి నుంచీ ఆయన ఆలోచించింది టీ ఎప్పుడొస్తుందనే. సాయంత్రం అయ్యేసరికి నేలంతా కాగితం ముక్కలు. "మేడమ్స్, కాస్త ఇవి తీసేస్తే బాగుంటుంది" అంటాడు హెడ్మాస్టరు, చేతులు వెనక్కి కట్టుకుని. మేమంతా నేల మీదకు వంగుతాం. మగవాళ్లు కాళ్లు పైకెత్తి దారిస్తారు. అదీ వాళ్లు చేసే సాయం. ఆ ఎత్తిన బూట్ల కింద నుంచి ముక్కలు ఏరుతుంటే నాకు వాళ్ల మీద కంటే నా వేళ్ల మీదే ఎక్కువ రోత పుట్టేది. చెప్పిన మాట పూర్తికాకముందే అవి నేల మీదకు పోయేవి.

చివరి రోజు నా పాఠం వంతు ముందొచ్చింది. అర చప్పట్ల దాకా బాగానే సాగింది. పావు చప్పట్ల దగ్గర తాళం తప్పింది. మళ్లీ ఎత్తుకున్నాను, మళ్లీ తప్పింది. "ఆలోచన మంచిదే, ఇంకాస్త సాధన చేసుంటే" అంది శిక్షణ ఇచ్చే మేడమ్. నిజమే చెప్పింది.

తర్వాత మా ఆయన వంతు. ఏమీ సిద్ధం చేసుకోలేదని నాకు తెలుసు. స్టేజీ మధ్యకెళ్లి, "క్రియాపదాల పాఠం. నేను మాటల్లేకుండా పనులు చేస్తాను, మీరు పిల్లలై అదేం పనో చెప్పాలి" అన్నాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. లేని కుళాయి తిప్పాడు.

అంట్లు తోమాడు.

మామూలుగా తోమలేదు. పీచుని ముందు పిండి, తర్వాత సబ్బుకి రాశాడు. మూత అంచు గాడిలో బొటనవేలి గోరుతో గీకాడు. మాడిన గిన్నెను వెలుతురు వైపు వంచి, ఒక కన్ను మూసి అడుగు చూశాడు, తృప్తి కలగక మళ్లీ రుద్దాడు. చేతులకు సబ్బు ఉంది కదా, నుదుటి మీద పడిన జుట్టుని ముంజేతితో వెనక్కి తోసుకున్నాడు. ఆయనకు నుదుటి మీద పడేంత జుట్టు లేదు. హాలంతా విరగబడి నవ్వింది. పాలగిన్నె ఎత్తి దాని కింద తుడిచాడు, గుడ్డ పిండి కుళాయి మీద ఆరేశాడు. అప్పుడు, వెనక్కి ఒక్క అడుగు వేసి, నడుము ఎడమ పక్కన అరచేయి ఆనించి, కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి వదిలాడు.

ఎక్కువ నవ్వులు అక్కడే పడ్డాయి.

నా నడుం నొప్పి గురించి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్తే "డాక్టరుకి చూపించుకోవచ్చుగా" అనేసి ఊరుకుంటారని. చెప్పక్కర్లేకపోయింది. ఆయనకు తెలుసు. ఎడమ పక్కన అని కూడా తెలుసు. గోడౌన్ నిండా సరుకు పెట్టుకుని, ఇన్నేళ్లూ గుమ్మంలో నిలబడి లేదని నన్ను తిప్పి పంపాడు.

"సార్, ఇంట్లో మేడమ్‌కి బాగా సాయం చేస్తారనుకుంటా" అంది శిక్షణ మేడమ్.

"అంతా పరిశీలన మేడమ్" అన్నాడు ఆయన, వినయంగా. బృందంలోకి ఆయన్నే తీసుకున్నారు. పక్క కుర్చీలో డ్రాయింగు టీచరు నా మోచేయి గిల్లి, "పెట్టిపుట్టావు తల్లీ" అంది.

ఇంటికొచ్చేసరికి సింకులో పొద్దుటి అంట్లు అలాగే ఉన్నాయి. ఆయన సోఫాలో కాళ్లు చాపుకుని వాళ్లమ్మకి తనకు పడిన చప్పట్ల సంగతి చెప్తున్నాడు. "పాపం, అలిసిపోయినట్టున్నాడు. కాస్త టీ పెట్టమ్మా" అన్నారు అత్తగారు.

హాల్లోంచి ఒక కుర్చీ తెచ్చి వంటింటి గుమ్మంలో, సింకుకి ఎదురుగా వేసుకుని కూర్చున్నాను.

"అదేంటమ్మా, అక్కడ కూర్చున్నావు?"

"చూడ్డానికి అత్తయ్యా. మీ అబ్బాయి ఇవాళ అందరికీ చూపించారు. మీరూ రండి."

ఆయన నవ్వబోయాడు, నా మొహం చూసి మానేశాడు. "ఏంటిది? నాకు రాద..." అని నోటికి అలవాటైన మాట సగం వచ్చి ఆగిపోయింది.

నేను ఒళ్లో చేతులు పెట్టుకుని పావు చప్పట్లు మొదటి నుంచి ఎత్తుకున్నాను. ఇల్లంతా ఆ చప్పుడొక్కటే. చాలాసేపటికి సోఫా కిర్రుమంది, అడుగుల చప్పుడు గుమ్మం దాకా వచ్చింది. తాళం తప్పకుండానే చెప్పాను.

"ఈసారి నీళ్లతో చెయ్యండి. నడుం మీద చెయ్యి వెయ్యడం మాత్రం మర్చిపోకండి, అందరూ నవ్వింది అక్కడే."