పదకొండు తప్పులు

అయిదో తరగతిలో ఆ పిల్లను అందరూ నత్త అనేవారు. రాతలో అంత నిదానం. మిగతావాళ్ళు పేజీ తిప్పే వేళకి ఆమె ఇంకా తేదీ కింద గీత గీస్తూ ఉండేది. అలాంటి నత్త మూడు రోజులు కూర్చుని వాళ్ళ నాన్న గురించి ఒక పేజీ రాసింది.

నాన్న సిటీ బస్సు డ్రైవరు. ఒకరోజు మలుపు దగ్గర ఒక కుక్కపిల్ల చక్రం కిందికి వచ్చేసింది. బ్రేకు వేసినా లాభం లేకపోయింది. ఆ సాయంత్రం ఆయన యూనిఫాం కూడా విప్పకుండా వంటగది గుమ్మంలో కూలబడి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. నత్త రాసింది అదే.

టీచరు ఆ ఏడాది ఒక కొత్త పద్ధతి పెట్టింది. పిల్లలు రాసినవన్నీ తరగతి వెబ్ పేజీలో ఉంచాలి. ఒకరు రాసినది మరొకరు చదివి, ఏది బాగుందో ఏది బాగాలేదో చెప్పి, అయిదు స్టార్లలో ఎన్నో ఇవ్వాలి. చెప్పేవాళ్ళ పేరు కనబడదు. "పేరు తెలిస్తే మొహమాటపడతారు. తెలియకపోతే నిజం చెప్తారు," అని టీచరు నమ్మకం. పేరు తెలియకపోతే నోటికి హద్దు కూడా ఉండదన్న సంగతి ఆమెకు తట్టలేదు.

కంప్యూటర్ గదిలో నత్త తన పేజీ తెరిచింది. కింద ఇలా ఉంది: "బస్సు డ్రైవర్లు ఏడవరు.. అంతా అబద్ధం.. ఒక స్టార్.."

వెనకాల కూర్చున్నవాడు మెడ సాచి చూసి పైకే చదివేశాడు. గదంతా గొల్లుమంది. "ఇకనుంచి మీ నాన్న బస్సెక్కేటప్పుడు రుమాలు తెచ్చుకోవాలి కాబోలు," అన్నారెవరో. మళ్ళీ నవ్వులు.

నత్త ఏడవలేదు. ఆ చుక్కలకేసే చూస్తూ కూర్చుంది. వాక్యం చివర ఒక్క చుక్కతో సరిపెట్టుకోలేని మనిషి ఆ తరగతిలో ఒక్కతే. డిక్టేషన్ పుస్తకాలు మార్చుకుని దిద్దినప్పుడల్లా ఆ జంట చుక్కలు నత్త కంటపడుతూనే ఉండేవి. క్లాసు లీడరు. మందుల షాపాయన కూతురు.

ఇంటికొచ్చి జరిగింది నానమ్మకు చెప్పింది.

"ఎవరో తెలిసిందా?" అంది నానమ్మ, ఉల్లిపాయలు తరగడం ఆపి.

"తెలిసింది."

"టీచరుకు చెప్పావా?"

"చెప్పను. నేనే చూసుకుంటా."

నానమ్మకు మనవరాలి మీద కొత్తగా గౌరవం పుట్టింది. ఒక నిచ్చెన విషయంలో ఎదురింటావిడతో పద్దెనిమిదేళ్ళుగా మాట్లాడని మనిషి ఆవిడ. "అదీ అట్లా ఉండాలి. కానీ ఒక్కమాట విను. కోపంలో కొడితే గురి తప్పుద్ది. చల్లారాక కొట్టు. దెబ్బ ఎక్కడ తగిలిందో నెల్లాళ్ళు తడుముకోవాలి."

"చిన్నపిల్లకి ఏం నేర్పుతున్నావమ్మా?" అన్నాడు నాన్న లోపలి గదిలోంచి.

"నీకు నేర్పలేకపోయినవి," అంది నానమ్మ.

నత్త మూడు వారాలు ఎదురుచూసింది. ఈలోగా ఆ ఒక్క స్టార్ గొడవ టీచరు చెవిన పడి, ఆమె కొత్త నియమం పెట్టింది: తప్పు చెప్పేవాళ్ళు అది ఏ వాక్యంలో ఉందో చూపించాలి, ఎందుకు తప్పో రాయాలి. అలాంటివి కనీసం మూడు లేకపోతే పంపే బటన్ పనిచేయదు. తమ వంతుకు వచ్చినది ముందుగా చదివి ముగించినవాళ్ళు మరొకటి ఎంచుకోవచ్చు.

ఆ వారం లీడరు 'మా మందుల షాపు' అని రాసింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నత్త అందరికంటే ముందు పని ముగించి, దాన్ని ఎంచుకుంది.

సాయంత్రం నాన్న ఫోన్ తీసుకుని మంచం మీద బోర్లా పడుకుంది. ముందు "చెత్త" అని రాసింది. బటన్ కదలలేదు. పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ మొదటినుంచి చదివింది. అద్దాల అలమరాలు, వరుసగా పేర్చిన సీసాలు, ఏసీ, కొత్త బోర్డు. చదివేకొద్దీ దొరికాయి. ఒకటి కాదు, మూడు కాదు, పదకొండు.

"నాలుగో వాక్యంలో 'చాలామంది వస్తారు' అన్నావు. ఒక్కరి మొహం కూడా చెప్పలేదు. షాపులో సీసాలున్నాయి, మనుషులు లేరు."

"ఏడో వాక్యంలో 'అందరూ సంతోషంగా వెళ్తారు' అన్నావు. మందులు కొనుక్కునేవాళ్ళు సంతోషంగా వెళ్తారా? నువ్వు ఎవరినీ చూడలేదు. కౌంటరు వెనక కూర్చుని బోర్డు చూసుకుని మురిసిపోయావు."

పదకొండోది ఇలా రాసింది: "చూడనిది రాయడమే అబద్ధం."

ఒక స్టార్ నొక్కి పంపేసింది. ఆ రాత్రి అన్నం రెండుసార్లు వడ్డించుకుంది.

మర్నాడు కంప్యూటర్ గదిలో లీడరు తెర ముందు అలాగే ఉండిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత బల్ల మీద తల వాల్చేసింది, భుజాలు కదిలాయి. నత్త కళ్ళు తిప్పుకోలేదు. కడుపులో చల్లగా ఉంది. ఇంకా చూడాలనిపించింది.

ఆ చల్లదనం వారం రోజులే నిలిచింది. సోమవారం టీచరు ఒక కాగితం పట్టుకొచ్చి, "దిద్ది మళ్ళీ రాసింది, వినండి," అని చదవడం మొదలుపెట్టింది. అదే మందుల షాపు. కానీ ఇప్పుడందులో ఒక ముసలాయన ఉన్నాడు. రోజూ సాయంత్రం వచ్చి భార్యకు మందులు తీసుకుంటాడు, వాటి పేర్లు మర్చిపోకుండా గొణుక్కుంటూ వెళ్తాడు. ఒకరోజు వచ్చి ఏమీ కొనలేదు. మిగిలిన మాత్రలు కౌంటరు మీద పెట్టి, "ఇంకెవరికైనా పనికొస్తాయేమో," అన్నాడు.

టీచరు కాగితం దించింది.

"దీన్ని ఇలా దిద్దించినవాళ్ళు ఎవరో లేచి నిలబడండి. చదవడమంటే అలా చదవాలి," అంది టీచరు.

నత్త లేవలేదు. మొహం మండిపోయింది. కూల్చేద్దామని గునపం వేస్తే అవతల ఇంటికి కిటికీ తెరుచుకుంది.

విరామంలో కుళాయి దగ్గర లీడరు వచ్చి పక్కన నిలబడింది. "నువ్వేనని నాకు తెలుసు. 'అబద్ధం' అన్న మాట చూడగానే అర్థమైంది."

"అయితే?"

"మీ నాన్న నిజంగా ఏడ్చాడా?"

"ఏడ్చాడు."

"మా నాన్న ఎప్పుడూ ఏడవడు. అందుకే నమ్మలేదు. అసలు సగమే చదివా. సారీ."

"ఇక్కడ కాదు," అంది నత్త కుళాయి కట్టేసి. "అందరూ నవ్వింది ఆ పేజీ చూసి. చెప్పేది కూడా అక్కడే చెప్పు. పేరు పెట్టి చెప్పు."

"అందరూ చూస్తారు."

"నాదీ అందరూ చూశారు."

రెండు రోజులు లీడరు ఆమె వైపు రాలేదు. మూడో రోజు నత్త రాసినదాని కింద లీడరు పేరుతో ఒక వాక్యం కనబడింది: "పూర్తిగా చదవకుండా అబద్ధం అన్నాను, అది నా తప్పు." ఈసారి వెనక బెంచీవాడు లీడరును చూసి నవ్వాడు. లీడరు తల వంచుకుంది. నత్త వాణ్ణి ఆపలేదు. మధ్యాహ్నం దాకా నవ్వనిచ్చి, అప్పుడు వెనక్కి తిరిగి, "ఇక చాలు," అంది.

వాళ్ళిద్దరూ స్నేహితులు కాలేదు. ఏడాది చివరిదాకా వేరువేరు బెంచీల్లోనే కూర్చున్నారు. కానీ లీడరు ఏం రాసినా ముందు నత్తే ఎంచుకునేది, జాలి చూపకుండా చదివేది. లీడరు కూడా నత్త రాసినదాన్ని చివరిదాకా చదవకుండా వదిలిపెట్టేది కాదు.