పడవకి రంపపు పొట్టు

“రేత్రి పూట ఒస్తే ఏటి సేస్తావే? పడవ అంచు మీద కూకుంటావేటి?”

అడుగుతున్నా నూకమ్మ చేతిలోని జల్లెడ ఆగలేదు. దుర్గ్ దగ్గర హథ్‌ఖోజ్‌ ఫ్యాక్టరీల పేటలో, ఇనుము పోత పనికి చెక్క అచ్చులు చేసే షెడ్డులో ఊడ్చే పని ఆమెది. రంపాల కింద రాలిన పొట్టు ఊడ్చి సంచులకెత్తడంతోనే ఆమె వయసు గడిచింది. వేళ్ళ సందుల్లో చర్మం టేకు రంగుకి తిరిగింది. ఎంత తోమినా పోదు. ఇవాళ పని మానుకుని, ఏరి తెచ్చిన పొట్టుని క్యాంప్ 1 బస్తీలో తమ ఇంటి గుమ్మం ముందు కూర్చుని జల్లిస్తోంది.

“అంచు మీద ఎందుకమ్మా? అందుకే కదా ఈ డబ్బా,” అంది కూతురు అమ్ము. “టెన్షన్ మత్ లో యార్.”

డబ్బా అంటే పడవలో మరుగుదొడ్డిగా వాడడానికి షెడ్డు మేస్త్రీ చేసిచ్చిన మోకాలెత్తు చెక్కపెట్టె. మూత ఎత్తితే ముందువైపు గరాటు, దాని కింద సీసా, వెనకవైపు బకెట్టు. నీళ్ళు సీసాలోకి పోతాయి. రెండోది బకెట్టులో పడ్డాక గుప్పెడు పొట్టు చల్లి మూత వేస్తే వాసన రాదు, కొన్నాళ్ళకి మట్టయిపోతుంది. అమ్ము విశాఖపట్నంలో పనిచేసే చిన్న తెరచాప పడవ కోసం చేయించారు దాన్ని. తాబేళ్ళ జాడ చూడడానికి నలుగురు మనుషులు వారాల తరబడి సముద్రం మీద తిరిగే పడవ అది. పాత పెట్టె విరిగిందని ఫోన్లో విన్ననాటి నుంచి నూకమ్మకి కంటిమీద కునుకు లేదు. విరిగిందంటే ఈ పిల్ల చీకట్లో అంచు పట్టుకుని కూర్చుంటోందన్నమాటే కదా.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అమ్ము ఐదో క్లాసు చదివే ఏడు వీళ్ళింట్లో మరుగుదొడ్డి లేదు. సందులో అందరికీ వెనకనున్న నాలా గట్టే దిక్కు. చీకటుండగా ఒకరు వెళితే ఇంకొకరు టార్చి పట్టుకుని గట్టు మీద నిలబడాలి. అది ఆ సందు కట్టుబాటు. పెద్దకొడుకు రాజాబాబుకి తోడు నూకమ్మే. మీసాలొచ్చాక కూడా “అమ్మా, లెగు” అని లేపేవాడు. వానల్లో ఒక తెల్లవారుజామున ఒక్కడే వెళ్ళాడు. నానిన గట్టు వాడితో సహా నాలాలోకి జారింది.

వాడు లేపితే తను లేవలేదా? అసలు లేపలేదా? అదే గదిలో పడుకున్న భర్త సత్యారావుని ఆమె ఏడుస్తూ అడిగింది, తిడుతూ అడిగింది, అన్నం వడ్డిస్తూ అడిగింది. అతను పెదవి విప్పలేదు. నెల తిరక్కుండా ఇటుకలు మోసి తన చేతులతోనే దొడ్డి కట్టాడు. ఆ ఊసెత్తితే మాత్రం ఇప్పటికీ లేచి బయటికి పోతాడు.

“ముందు నేను కూకుని సూస్తాను,” అంది నూకమ్మ.

షెడ్డులో కొత్త మిషను దిగితే చేసినట్టే పెట్టెకి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఎదురింటి భాగ్యరేఖ గడపలోంచే కేకేసింది. “దొడ్డికి బొట్టేటి వదినా! కొబ్బరికాయ కూడా కొట్టీ.”

“కొడతాను. పెసాదం నీకే ముందు. ఉండు, ఎల్లిపోకు.”

పెరట్లోకి పెట్టె మోయించి, చీర కుచ్చిళ్ళు దోపుకుని మూత మీద కూర్చుంది. “ఊపు,” అంది భర్తతో. సత్యారావు వంగి పెట్టెని మెల్లగా అటూ ఇటూ ఊపాడు.

“ఉయ్యాలేటయ్యా ఇది? సముద్రం! గట్టిగా!”

అతను గట్టిగా ఊపాడు. నూకమ్మ పక్కకి ఒరిగి గోడ పట్టుకుంది. అమ్ము కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. నూకమ్మ నవ్వలేదు. “సూసినావా? పట్టు నేదు దీనికి.” సత్యారావు పెట్టెకి రెండు పక్కలా తాడు పిడులు బిగించాడు.

మధ్యాహ్నం పొట్టు సంచి మూతి కట్టబోతూ అమ్ము ముక్కు చిట్లించింది. చెయ్యి పెట్టి వాసన చూసింది.

“ఇందులో ఏం కలిపావమ్మా?”

“బ్లీచింగే. షెడ్డు దొడ్డిలో ఏసేదే. పురుగు పట్టదని.”

“ఆ పురుగులే కదమ్మా దాన్ని మట్టి చేసేవి! దీనికి ఉచ్చ తగిలితే గ్యాస్ లేస్తుంది. లోపల తలుపు మూసుకుని ఉంటాం. ఊపిరాడక దమ్ ఘుట్ జాతా...” తల్లి మొహం చూసి అమ్ము సగంలో ఆగిపోయింది.

నూకమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది. “ఆడు పిలిస్తే నెగనేదు. ఈ పిల్లకేమో నా సేత్తోనే ఇసం కట్టిచ్చినాను.”

“అమ్మా, అలా అనకు. కలిస్తే కలిసింది, పారేద్దాం,” అని అమ్ము ఆమె భుజం పట్టుకుంది. సత్యారావు ఈసారి తప్పించుకుపోలేదు. ఆ సంచిని తీసుకెళ్ళి పారబోసి వచ్చి, మిగిలిన పొట్టు ముందు గొంతుక్కూర్చుని జల్లెడ అందుకున్నాడు. పెళ్ళయిన నాటి నుంచి అతను జల్లెడ ముట్టగా ఆమె చూడలేదు.

సాయంత్రం దుర్గ్ స్టేషన్లో గోనెసంచి చుట్టిన పెట్టెని బెర్తు కిందకి తోశారు. కిటికీ ఊచల్లోంచి కూతురి మణికట్టు పట్టుకుంది నూకమ్మ.

“అంచు మీద కూకోనని ఒట్టెయ్యి.”

“ఒట్టు. డబ్బా మీదే. తాడు పట్టుకునే.”

“చీకట్లో నెగిస్తే పక్కదాన్ని లేపు. నిద్దరపోతందని ఊరుకోకు. తిట్టుకుంటే తిట్టుకోనీ.”

“లేపుతానమ్మా.”

బండి కదిలింది. ఆ చెయ్యి తన పట్టులోంచి జారిపోయేదాకా పక్కనే నడిచింది. ఆఖరి బోగీ దాటిపోయాక ఇద్దరూ ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నారు. టీ అమ్మేవాడు వచ్చి అడిగి వెళ్ళిపోయాడు. మరో బండి వచ్చి జనాన్ని దింపి పోయింది. నూకమ్మ ఏమీ అడగలేదు. అడిగే ఓపిక ఆమెలో మిగల్లేదు.

“లేపనేదే,” అన్నాడు సత్యారావు.

ఆమె తల తిప్పింది. అతను పట్టాల వైపే చూస్తున్నాడు.

“ఆడు నిన్ను లేపనేదు. ముందురేత్రి నీకు జొరం. లేపుదామని వంగినాడు, నీ వొళ్ళు ముట్టుకు సూసి మానేసినాడు. నాకు మెలకువే. సూస్తనే ఉన్నాను.” అరచేతులు మోకాళ్ళకి రాసుకున్నాడు. “ఎల్లే ముందర ఆడి దుప్పటి తీసి నీ మీద కప్పీసినాడు.”