చెయ్యి పెట్టరాదు

రివాల్వర్ గొట్టం మీద గరుకు ఎమరీ కాగితాన్ని ముందుకీ వెనక్కీ లాగి లాగి, మెరుగు మేస్త్రి ఆగి, కళ్లజోడు నుదుటి మీదకు నెట్టి, గొట్టాన్ని కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకున్నాడు. గీత కనిపించింది. వెంట్రుకలో సగం కూడా ఉండదు. దుకాణానికి వచ్చే వందమందిలో తొంభైతొమ్మిది మందికి అది కనిపించదు. ఆ నూరోవాడు మేస్త్రే. మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు.

నలభై ఒక్క ఏళ్లుగా ఆయన పని ఇదే. పాత తుపాకులు బాగుచేసే ఆ దుకాణంలో ముందుగది యజమానిది, వెనకగది మేస్త్రిది. ముందుగదిలో అద్దాల బీరువా, గోడగడియారం, వచ్చినవాళ్లు కూర్చునే చెక్కబల్ల ఉంటాయి. వెనకగదిలో గుడ్డచక్రం తిప్పే మోటారు, రకరకాల ఆకురాళ్లు, పొయ్యిల మీద రెండు ఇనుపతొట్లు. తుప్పుపట్టి, రంగుపోయి వచ్చిన ఆయుధాన్ని ముక్కముక్కలుగా విప్పి, అద్దంలా రుద్ది, ఉడికే ఉప్పుల తొట్టిలో ముంచి, తుప్పుకి అడ్డుగా నీలం రంగు ఎక్కించి పంపడం ఆయన విద్య. ఇన్నేళ్లలో కొన్ని వందల తుపాకులు ఆయన చేతుల మీదుగా వెళ్లాయి గాని, ఆయన ఒక్కటంటే ఒక్కటి పేల్చి ఎరగడు. వీధిలో టైరు పేలినా చెవులు మూసుకునే మనిషి.

పని పిచ్చి ఇంటిదాకా కూడా వెళ్లింది. కాఫీ గ్లాసు అందుకుంటే ముందు దాన్ని వెలుగుకి పెట్టి గీతలు చూసేవాడు. "నన్నెప్పుడైనా అలా వెలుగులో తిప్పి చూశారా?" అని భార్య ఒకరోజు అడిగింది. మేస్త్రి మూడు రోజులు ఆలోచించి, "చూశాను. బాగానే ఉన్నావు," అన్నాడు. ఆ మాట ఆవిడ పుట్టింటివాళ్లందరికీ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

రుద్దగా రుద్దగా గొట్టాలు మెరిశాయి, వేళ్లు అరిగాయి. పదివేళ్ల మీదా ఒక్క గీత మిగల్లేదు. కిందటి వారం పింఛను ఆఫీసులో వేలిముద్ర తీసుకునే పెట్టె మీద బొటనవేలు పెడితే అది ఎర్రదీపం వెలిగించింది. పదిసార్లు పెట్టాడు. పదిసార్లూ ఎరుపే. గుమాస్తా తెర వంక, మేస్త్రి వంక మార్చి మార్చి చూసి, "మీరు లేరండీ," అన్నాడు.

"ఇక్కడే ఉన్నాను కదండీ!"

"నాకు కనిపిస్తున్నారు. దానికి కనిపించాలి కదా," అన్నాడు గుమాస్తా. ఉన్నానని నమ్మించే కాగితాల కోసం మేస్త్రి ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.

తొమ్మిదింటికి ముందుగదిలో చెక్కబల్ల కిర్రుమంది. తల ఎత్తకుండానే మేస్త్రికి తెలిసిపోయింది, వచ్చింది జవాను అని. ఆ రివాల్వర్ అతనిదే.

జవాను ఏ సైన్యంలోనూ పనిచెయ్యలేదు. వీధి చివర బ్యాంకు గుమ్మం దగ్గర ముప్పై ఏళ్లుగా కాపలా కాస్తున్నాడు. మేనమామ దగ్గర్నుంచి వచ్చిన రివాల్వర్, దానికో లైసెన్సు, ఇంత లావు మీసం చూసి ఆ రోజుల్లో ఉద్యోగం ఇచ్చేశారు. ఆ రివాల్వర్‌తో జవాను దొంగను కాల్చింది లేదు. క్యాలెండరు తగిలించడానికి గోడకు మేకులు కొట్టాడు, బాదంకాయలు పగలగొట్టాడు, గాలికి ఎగిరే కాగితాల మీద బరువు పెట్టాడు. పిడి అడుగు చూస్తే సుత్తికి కూడా జాలి వేస్తుంది.

అదంతా మేస్త్రి క్షమించగలడు. క్షమించలేనిది జవాను చెయ్యి. కొందరి చెమటలో ఏ ఉప్పు ఎక్కువో గాని, ఇనుము ముట్టుకుంటే చాలు, తుప్పు లేస్తుంది. జవాను చెయ్యి అలాంటి చేతుల్లోకెల్లా పెద్దచెయ్యి. వాళ్లింటి గేటు మీద అతను పట్టుకునేచోట నాలుగువేళ్ల తుప్పు ఉంటుంది. మేస్త్రి నీలం ఎక్కించి నిగనిగలాడేలా పంపిన రివాల్వర్ రెండేళ్లు తిరక్కుండా వేళ్ల గుర్తులతో ఎర్రబడి తిరిగొస్తుంది. ముప్పై ఏళ్లలో ఇది పదహారోసారి. పైగా మనిషి ఊరుకోడు, పని మధ్యలో వెనకగదిలోకి వచ్చి ప్రతి ముక్కా తడిమి చూస్తాడు. అతని కోసమే మేస్త్రి ఒక అట్టముక్క మీద 'చెయ్యి పెట్టరాదు' అని రాసి అలమరకు వేలాడదీశాడు. జవాను దాన్ని కూడా చెయ్యిపెట్టి తిప్పి చూసి, "అక్షరాలు బాగున్నాయోయ్," అన్నాడు.

"ఏమోయ్, అయిందా?" అని అడిగాడు జవాను గుమ్మం దగ్గర నిలబడి.

"నాలుగింటికి. అక్కడే ఉండు. గడప దాటావంటే కాళ్లు విరుగుతాయి."

"సరేలేవయ్యా. రేపు పొద్దున్నే తనిఖీ. కొత్త మేనేజరమ్మ గట్టిగా చెప్పేసింది, ఈసారి రవ్వంత తుప్పు కనిపించినా నన్ను ఇంటికి పంపించి గుమ్మం మీద కెమెరా పెడతారట."

"పెట్టనీ. అది నీలా నిద్రపోదు."

"అదే కదా నా బాధ!" జవాను గొంతు తగ్గించాడు. "ఇంట్లో నాకు నిద్ర పట్టదోయ్. ఇంటావిడ పోయినప్పట్నుంచీ మంచం మీద దొర్లడమే. బ్యాంకు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్నానా, వచ్చేపోయే జనం చప్పుడుకి హాయిగా పట్టేస్తుంది. ఆ కుర్చీ పోతే నేనేమైపోవాలి?"

మేస్త్రి కాగితం మళ్లీ అందుకున్నాడు. గొట్టం మీద ఆ సగం వెంట్రుక గీత పోయేదాకా రుద్దాడు. ఆ తర్వాత ఇంకో పదిసార్లు రుద్దాడు.

కాగితం వెనక చిన్న చెక్కముక్క పెట్టి రుద్దాలి. వేలితో రుద్దితే అంచులు కరిగి, కంపెనీవాడు చెక్కిన అక్షరాలు మసకబారిపోతాయి. పెద్ద యజమాని మొదటిరోజు నేర్పిన పాఠం అది. పెద్దాయన పోయి, ఆయన కొడుకు గల్లా దగ్గర కూర్చుని పన్నెండేళ్లయింది. మచ్చ ఉన్న పని ఈ గది దాటి ఒక్కసారీ బయటికి వెళ్లలేదు. మేస్త్రికి ఇంకే గొప్పా లేదు, ఇదొక్కటే ఉంది.

ఒంటిగంటకు రివాల్వర్ ఒళ్లు సిద్ధమైంది. తుప్పు గుంటలు లేవు, గీతలు లేవు. గుడ్డచక్రం కింద నుంచి వచ్చిన తెల్లటి ఉక్కు మీద వెలుగు పడితే కళ్లు మూసుకోవాల్సిందే. ఇక ముట్టుకోకూడదు. మేస్త్రి గ్లవుజులు తొడుక్కుని, దాన్ని తీగకు గుచ్చి, తొట్టి పైనున్న కొక్కేనికి వేలాడదీశాడు.

"ఒక్కసారి చూపించవోయ్," అన్నాడు జవాను గుమ్మం దగ్గర్నుంచి.

"అక్కణ్ణుంచే చూడు."

జవాను చాలాసేపు చూశాడు. "నా పెళ్లినాడు నా మొహం ఇలాగే ఉండేది," అన్నాడు. తర్వాత మేస్త్రి పింఛను సంగతి గుర్తొచ్చి పగలబడి నవ్వాడు. "నీకేమో వేలిముద్ర లేదు, నాకేమో ఎక్కడపడితే అక్కడే. ఆ పెట్టె దగ్గరికి నా బొటనవేలు పట్టుకెళ్లరాదూ?"

"పట్టుకెళ్తే ఆ పెట్టె కూడా తుప్పుపడుతుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. జవాను నవ్వుతూనే మెడ తుడుచుకున్నాడు. అంత ఎండ లేకపోయినా చొక్కా వీపుకు అంటుకుపోయింది. రేపటి తనిఖీ భయం కాబోలనుకుని, మేస్త్రి కుండలో నీళ్లు ముంచిచ్చి, క్యారేజీ తీసుకుని పెరట్లోకి వెళ్లాడు. తింటున్నంతసేపూ ముందుగదిలో బల్ల కిర్రుమనడం, కాసేపాగి మళ్లీ కిర్రుమనడం వినిపించింది. పట్టించుకోలేదు. తిరిగొచ్చేసరికి జవాను బల్ల మీద గోడకు ఆనుకుని, బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు.

"ఇప్పుడు నిద్రొస్తోందోయ్," అన్నాడు. "నాలుగింటికి లేపు."

"ఇది బ్యాంకు కాదు."

"చప్పుడుంది కదా," అని జవాను కళ్లు మూసుకున్నాడు.

మేస్త్రి రివాల్వర్‌ని సోడానీళ్లలో కడిగి, ఉడుకుతున్న ఉప్పుల తొట్టిలోకి దింపాడు. ఆవిరికి కళ్లజోడు మూసుకుపోయింది. ఇక చూపుతో పనిలేదు, గడియారంతోనే పని. అరగంట తర్వాత ఎత్తి, చన్నీళ్లలో ముంచి, నూనెలో ముంచి, మెత్తటిగుడ్డతో తుడిచాడు. కళ్లజోడు తుడుచుకుని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాడు. కుడివైపు చూశాడు. ముదురు నీలం, అక్షరం అక్షరం చెక్కు చెదరకుండా. నలభై ఒక్క ఏళ్లలో ఇంతకన్నా మంచి పని చేసినట్టు గుర్తులేదు. తనలో తనే "శభాష్" అనుకుని ఎడమవైపుకి తిప్పాడు.

అక్కడ ఒక బొటనవేలు ఉంది.

తూటాల చక్రం పక్కనే, నీలం పట్టని చోట, బూడిదరంగు గీతలు సుళ్లు తిరిగి మరీ కనిపిస్తున్నాయి. పింఛను ఆఫీసు పెట్టె చూస్తే ఎగిరి గంతేసేది. అంత చక్కటి ముద్ర. అన్నం తినే ఆ కాసేపట్లో చెమటచెయ్యి ఉక్కును కొరికేసింది. గుడ్డతో పోదు, నూనెతో పోదు. మొదటినుంచీ రుద్ది, మళ్లీ తొట్టిలో వెయ్యాలి. గడియారం మూడున్నర చూపిస్తోంది. తనిఖీ రేపు పొద్దున్నే.

మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. రివాల్వర్ పట్టుకునే ముందుగదిలోకి వచ్చాడు. జవాను గడ్డం గుండె మీద ఆనించి, నిమ్మకు నీరెత్తినట్టు నిద్రపోతున్నాడు.

"లే! లేచి చూడు నీ నిర్వాకం! చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? ఎదురుగా అట్ట రాసిపెట్టానా లేదా? చేసిన పనంతా నాశనం చేశావు కదయ్యా! నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు, ఊరికే అన్నారా?"

జవాను ఉలకలేదు, పలకలేదు.

"సరే, ఏం చేస్తాం. ఇప్పుడు మొదలుపెడితే తెల్లారేసరికి అయిపోతుంది. మా ఇంటికి కబురు చెయ్యాలి. నువ్వు మాత్రం ఇంటికి పో. ఈ గుమ్మం దగ్గర కనిపించావంటే నిన్నే తొట్టిలో ముంచుతాను. వింటున్నావా?" మేస్త్రి అతని చెయ్యి పట్టుకుని కుదిపాడు.

ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆ చెయ్యి పొడిగా ఉంది.

మేస్త్రి కుదపడం ఆపాడు. బల్ల మీద అతని పక్కనే కూర్చుండిపోయాడు. చెయ్యి వదల్లేదు. యజమాని చూసి, ఎదురు వీధి డాక్టరు కోసం పరుగెత్తాడు. డాక్టరు వచ్చి, నాడి చూసి, గంటసేపయి ఉంటుందన్నాడు. నిద్రలోనే పోయాడన్నాడు. గంట కిందట మేస్త్రి సోడానీళ్లు కలుపుతున్నాడు. అప్పుడు ఒక్కసారి తల తిప్పి చూసుంటే బాగుండేదని ఆయన ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

సాయంత్రం అంబులెన్సు వెంట జవాను కూతురు వచ్చింది. ఏడ్చి ఏడ్చి, మొహం కడుక్కుని, వెనకగదిలో మేస్త్రి దగ్గరికి వచ్చింది.

"నాన్న చివర్లో ఏమన్నాడు, బాబాయ్?"

గొప్పమాట ఏదైనా కల్పించి చెప్పాలని మేస్త్రికి అనిపించింది. కాని చేతకాలేదు. "నిద్రొస్తోంది, నాలుగింటికి లేపమన్నాడమ్మా," అన్నాడు.

ఆ పిల్ల ఏడుపులోనే నవ్వింది. "పట్టిందన్నమాట," అంది.

యజమాని లైసెన్సు పుస్తకం తెచ్చాడు. మనిషి పోయాడు గనక రివాల్వర్‌ని రెండు మూడు రోజుల్లో పోలీసు స్టేషనుకి అప్పజెప్పాలి. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మేస్త్రిగారూ, ఈ మచ్చ ఏమిటి? ఇలా పంపిస్తే మన దుకాణం పరువు పోతుంది. రేపు తీసెయ్యండి."

మేస్త్రి అలవాటుగా తలూపాడు. జవాను కూతురు ఆ మచ్చ దగ్గరికి మొహం పెట్టి చూసింది. ముట్టుకోబోయి, అట్టముక్క మీద రాసింది చదివి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మా గేటు మీద కూడా ఇలాగే ఉంది, బాబాయ్. నాలుగువేళ్లు. రేపు రంగువేసే అతను వస్తానన్నాడు." మళ్లీ మచ్చ వంక చూసింది. "వద్దని చెప్తాను."

అందరూ వెళ్లిపోయాక మేస్త్రి వెనకగదిలో తన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ఎమరీ కాగితం చింపి చెక్కముక్కకు చుట్టాడు. రివాల్వర్‌ని ఒళ్లో పెట్టుకున్నాడు. కిటికీలో ఇంకా కాస్త వెలుగుంది. ముద్ర మీద కాగితం ఆనించి, ఆలోచించి, తీసేశాడు. గీతలు లేని తన బొటనవేలిని దాని పక్కన పెట్టి చూసుకున్నాడు. ఎంత గట్టిగా నొక్కినా అక్కడ ఏమీ పడలేదు.

పనిచీటీ తీసి, దాని మీద 'పని పూర్తయింది' అని రాసి, సంతకం పెట్టాడు. పొయ్యిలు ఆర్పి, వెనకగది తలుపుకి తాళం వేసి, చెక్కబల్లను ఒకసారి తడిమి, ఇంటికి వెళ్లాడు.

వెనకగది అలమరలో, 'చెయ్యి పెట్టరాదు' అన్న అట్టముక్క కింద, నూనెగుడ్డ మీద నిగనిగలాడుతూ రివాల్వర్, దాని ఎడమవైపు నీలంలో జవాను బొటనవేలు.