కాకెంగిలి తగువు

మా అత్తగారికీ నాకూ ఇన్నేళ్ళలో రాని తగువు ఒక జామకాయ ముక్క దగ్గర వచ్చింది. తప్పెవరిదో చివర్లో మీరే చెబుదురుగాని, ముందు సంగతి వినండి.

మాది కొవ్వూరు దగ్గర పల్లె. అరటితోట, కాస్త వరి. మా ఆయన వెంకటరాజుగారికి తిండి యావ ఎక్కువ. పనసపొట్టు కూర వండిన రోజున పక్కింటికి గిన్నె పంపినా ఆయనకు ప్రాణం ఉసూరుమంటుంది. అలాంటి మనిషి అన్నం సగంలో వదిలేసి లేవడం మొదలుపెట్టారు. అడిగితే అరగలేదంటారు. ఒకటి రెండుసార్లు ఊరుకుని, ఆ తర్వాత కంచం ముందు నుంచి లేవనివ్వలేదు. అప్పుడు బయటపెట్టారు, కడుపులో ఒకటే మంటగా ఉంటోందని.

మంట కన్నా భయం ఎక్కువ. మా మామగారు కడుపులో కేన్సర్ వచ్చి పోయారు. ఆ వయసు తనకూ వచ్చేసిందని ఈయన లెక్క. నన్ను తోటలోకి తీసుకెళ్ళి, "సూర్యకళా, మోటారు స్టార్టర్ ఇలా నొక్కాలి, నేర్చుకో. రేపు అవసరం పడుతుంది" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "స్టార్టర్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ కడుపు సంగతి చూద్దాం పదండి" అని గోదావరి వంతెన దాటించి, రాజమండ్రిలో డాక్టర్ సారికగారి ముందు కూర్చోబెట్టాను.

ఆవిడ గొంతులోంచి గొట్టం వేసి చూసి, కడుపు గోడ నుంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు పంపారు. రిపోర్టు వచ్చిన రోజున ఈయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కేన్సర్ లేదండి రాజుగారూ. గోడ వాచింది, దానికి కారణం ఒక బాక్టీరియా" అన్నారు డాక్టరుగారు. "మన దగ్గర సగం మంది కడుపుల్లో ఇది ఉంటుందండి. చాలామందిని ఏమీ చెయ్యదు. కాకపోతే ఇందులో రకాలున్నాయి. కొన్ని నెమ్మదస్తులు. కొన్ని మాత్రం విషం కక్కుతూ ఏళ్ళ తరబడి కడుపుని పుండు చేస్తుంటాయి. ఆ రకం ఉన్నవాళ్ళకి కేన్సర్ వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే ఎక్కువ. మీది ఆ రకమేనండి."

"మా నాన్నగారిదే నాకూ వచ్చిందండి" అన్నారు ఈయన, తల వంచుకుని.

"మీ నాన్నగారికి ఆలస్యంగా తెలిసింది. మీకు ముందే తెలిసింది. రెండు వారాలు మందులు వాడి దీన్ని తరిమేస్తే ఆ ప్రమాదం బాగా తగ్గిపోతుంది."

"ఆయ్" అన్నారు ఈయన. నమ్మినట్టు మాత్రం లేదు.

మందులు నేనే మింగించాను. నోరంతా చేదు అంటే బెల్లం ముక్క పెట్టాను, మొరాయిస్తే కసిరాను. కోర్సయ్యాక కొన్నాళ్ళు ఆగి, ఊదే టెస్ట్ చేశారు. ఏదో నీళ్ళు తాగించి, కాసేపాగి సంచిలోకి ఊదమంటారు. ఆ పురుగు కడుపులో ఉంటే ఊపిరే చెప్పేస్తుందట. చెప్పేసింది. ఇంకా ఉందట!

"ఈ మందులకి లొంగలేదు, వేరేవి ఇద్దాం. ఒక్కోసారి ఇలా అవుతుంది, కంగారు పడకండి" అన్నారు డాక్టరుగారు. "ఇది ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి రావచ్చు. ఎంగిలి తినడాలు అవీ ఉన్నాయా?"

"మా ఇంట్లో ఎంగిలా అండీ? ఇంకా నయం! మా అత్తగారు గ్లాసుని పెదవికి తగలనివ్వరు, నీళ్ళు ఎత్తి పోసుకోవలసిందే."

"సరే, ఎందుకైనా మంచిది. ఆవిడా మీరూ కూడా టెస్ట్ చేయించుకోండి."

"నాకెందుకండీ? రాళ్ళు తిన్నా అరిగే కడుపు నాది" అనేసి వచ్చేశాను.

ఆ సాయంత్రమే పెరట్లో చూశాను. మా అత్తగారు బుల్లెమ్మగారికి ఎనభై దాటినా పళ్ళన్నీ గట్టివే. జామకాయని పైటచెంగులో చుట్టి, గుడ్డ మీంచి కటుక్కున కొరికి, విరిగిన ముక్క కొడుకు చేతిలో పెడుతున్నారు. ఈయన బడికి వెళ్ళే పిల్లాడిలా చెయ్యి చాచి నిలబడ్డారు.

"అత్తయ్యగారూ! ఆయనకి ఎంగిలి పెడుతున్నారా?"

"ఎంగిలేంటే అమ్మాయ్? చెంగు అడ్డం పెట్టే కొరికాను. ఇది కాకెంగిలి. కాకెంగిలి ఎంగిలి కాదు, మా అమ్మమ్మ కూడా అలాగే పెట్టేది."

"ఆ పురుగు మీ చెంగు చూసి ఆగిపోతుందాండీ? మీ అమ్మమ్మగారితో దానికేమైనా ఒప్పందం ఉందా?"

"చూడరా అబ్బాయ్, దీని నోరు!"

అబ్బాయి నోట్లో జామకాయ ఉంది, మాట ఎక్కణ్ణుంచి వస్తుంది? నేను ఆగానా, ఆగలేదు. "పుట్టినప్పటి నుంచీ ఇలాగే పెడుతున్నారా? ఇంకెక్కడి నుంచి వస్తుందండీ ఆయనకి రోగం!"

"పెట్టనా మరి? వాడికీ పెట్టాను, వాళ్ళ నాన్నకీ..." అంటూ ఆవిడ ఆగిపోయారు. మొహం తెల్లబోయింది. చేతిలో మిగిలిన కాయని అరుగు మీద పెట్టి మెల్లగా లోపలికి వెళ్ళిపోయారు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా!

ఆ రోజు నుంచీ ఆవిడ తన కంచం, గ్లాసు తనే వేరు చేసుకున్నారు. కొడుకు దగ్గరకు రారు. గుమ్మం అవతలి నుంచే "తిన్నాడా?" అని అడుగుతారు. నన్ను ఒక్క మాటా అనరు. పొద్దున్న లేస్తే నన్ను ఏదో ఒకటి అనందే కాఫీ తాగని మనిషి! ఇల్లు ఇల్లులా లేదు. ఈయన కొత్త మందులు కిక్కురుమనకుండా మింగుతున్నారు. నేను ఎవరి మీద అరవాలో తెలియక గిన్నెల మీద అరుస్తున్నాను.

టెస్టుకు రమ్మంటే ఆవిడ రానన్నారు. "తెలిస్తే నేను తట్టుకోలేనమ్మాయ్. నా మొగుణ్ణీ, నా కొడుకునీ నేనే చేతులారా..."

"అవేం మాటలండీ! డాక్టరుగారు అలా అనలేదు."

"నువ్వన్నావు కదే" అన్నారు.

ఈయన రెండో టెస్టు రోజున మాత్రం ఆవిడని వదల్లేదు. "ఆయన ఊదుతుంటే పక్కన తల్లి లేకపోతే ఎలాగండీ?" అని కారెక్కించాను. అక్కడికి వెళ్ళాక డాక్టరుగారు మా ముగ్గురి చేతా ఊదించారు. ఫలితం వచ్చేదాకా బల్ల మీద కూర్చున్నాం. పట్టిసీమ వీరభద్రుడికి ఆవిడ పెదవులతోనే మొక్కుకుంటున్నారు. ఈయన తల్లి చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. ఆవిడ లాక్కోబోయారు గాని ఈయన వదల్లేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

లోపలికి పిలిచారు.

"రాజుగారూ, పోయిందండి!"

"పోయిందాండీ? ఆ గట్టి రకమే పోయిందా?"

"పోయింది. అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోండి, చాలు."

ఈయన రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేశారు. తండ్రి పోయిన రోజున కూడా ఏడవని మనిషట. డాక్టరుగారు నవ్వుతూ ఇటు తిరిగారు. "మామ్మగారూ, మీకసలు లేనే లేదు."

"సరిగ్గా చూశావా తల్లీ?"

"చూశానండి. శుభ్రంగా ఉంది మీ కడుపు."

"అయితే వాడికి నా వల్ల..."

"మీ వల్ల వచ్చిందని అనడానికి ఏమీ లేదండి. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు."

ఆవిడ ఒక పక్క ఏడుస్తూ, ఇంకో పక్క నవ్వుతూ, మెల్లగా నా వైపు తిరిగి ఒక చూపు చూశారు. నేను గోడ మీద కేలండరు చూస్తూ కూర్చున్నాను.

"ఇక సూర్యకళగారూ..."

"నాకేముంటుంది లెండి" అన్నాను.

"మీకుందండి."

ఈయన పకపకా నవ్వడం మొదలుపెట్టారు. ఎన్ని నెలలైందో ఆ నవ్వు విని! కోపం వచ్చినా, ఆయన నవ్వాపడం ఇష్టం లేక ఊరుకున్నాను. మెల్లగా డాక్టరుగారినే అడిగాను. "నాదీ ఆ చెడ్డ రకమేనాండీ?"

"ఊపిరిలో రకం తెలియదండి. ఏ రకమైనా సరే, ఇంట్లో ఉండనివ్వద్దు. రెండు వారాల్లో పంపించేద్దాం."

బయటికొచ్చి హోటల్లో కూర్చోగానే ఈయన ఉప్మా పెసరట్టు చెప్పారు. అది అయిపోయాక ఇంకోటి చెప్పారు. నేనూ అత్తగారూ మా ప్లేట్ల సంగతి మరిచిపోయి ఆయన తినడమే చూస్తూ కూర్చున్నాం.

ఇంటికొచ్చి రాత్రి వంటకి బియ్యం కడుగుతున్నాను. అత్తగారు ఒక చేత్తో మాత్రలు, ఒక చేత్తో మంచినీళ్ళు పట్టుకుని వచ్చి నిలబడ్డారు.

"ఇలా ఇవ్వండి, తర్వాత వేసుకుంటాను."

"నోరు మూసుకో. కాదు, తెరు."

"అత్తయ్యగారూ, ఆ రోజు నేనలా అని ఉండకూడదండి."

"అనకపోతే? నువ్వు అందరి మీదా విరుచుకుపడబట్టే నా కొడుకు నాకు మిగిలాడు. కట్టుకున్నవాణ్ణి దక్కించుకోవడం నాకు చేతకాలేదు, నీకు చేతనయింది." ఆ వెంటనే గద్దించారు. "నీ కడుపులో ఆ పాడు పురుగుని పెట్టుకుని తిరుగుతుంటే నాకు ముద్ద దిగుతుందనుకున్నావా? నాకు కూతురు లేదని తెలుసుగా. మింగు!"

మాత్ర నోట్లో పడగానే పొలమారింది. ఆవిడ నా వీపు మీద రెండు చరుపులు చరిచారు. మింగాను.