వేడ్ అన్న కేక

కీడెంచి మేలెంచమన్నారు గానీ థర్జా ఎప్పుడూ కీడు దగ్గరే ఆగిపోయేది. కొండ ఊరి నుంచి ఈ ఇసుక ఒడ్డుకి కోడలిగా వచ్చి ఇన్నేళ్లయినా, సముద్రం వెనక్కి పోయిందంటే చాలు, మళ్లీ ఎవరి మీదకి వస్తుందోనని గుండె పీచుపీచుమనేది.

అత్తవారి ఇంటిపేరు వేడ్. సముద్రం నీళ్లు వెనక్కి తీసినప్పుడు జనాన్ని అవతలి ఒడ్డుకి దాటించడం తరతరాలుగా వాళ్ల పని. ఇసుక మధ్య ఏటిపాయ ఇవాళ ఉన్నచోట రేపు ఉండదు. మోకాటి లోతు ఎక్కడో చూసుకుని దారి పొడుగునా కొమ్మలు పాతి రావాలి. ఆ రోజు మొగుడు సంతకి వెళ్తే, ఎదిగిన కూతురు కెజాయా కొమ్మల మోపు భుజానేసుకుంది.

పొగమంచు పట్టేలా ఉంది, వద్దే అంది థర్జా.

"నీకు కెటిల్లో ఆవిరి లేచినా పొగమంచేనమ్మా," అని నవ్వుకుంటూ పోయింది పిల్ల.

అత్త డోర్కస్ పొయ్యి పక్కన రొయ్యలు ఒలుస్తోంది. భయం మరిచిపోదామని థర్జా ఏదో మాట కలిపింది. వేడ్ అన్నది పాతకాలపు వీరుడి పేరని చర్చి దగ్గర ఎవరో పెద్దమనిషి అన్నాడంది. ముసలమ్మ ముక్కు చీదింది.

"వీరుడా, వాడి మొహమా. అది పేరు కాదే. కేక."

వేడ్ అంటే నీళ్లలో దిగి నడువు అని. పూర్వం ఈ ఇంటివాడొకడు పాయ గట్టున నిలబడి ఆ కేక వేస్తే జనం దిగేవాళ్లట. ఒకనాటి పొగమంచులో, తన పిల్లలిద్దరూ లోతు తక్కువున్న చోటే ఉన్నారనుకుని కేకేశాడు. వాళ్లున్నది మడుగు అంచున. చెప్పిన మాట వినే పిల్లలు, దిగారు, మళ్లీ తేలలేదు. ఆ తర్వాత ఊరు వాణ్ణి ఆ మాటతోనే పిలిచింది. అది వాడికి తర్వాత పుట్టినవాళ్లకీ అంటుకుంది.

"అందుకే మంచులో అందరూ ఒడ్డు మీంచి ఇంటిపేరు పెట్టి అరిచినా, మనం మాత్రం బకెట్ మోగిస్తాం. బకెట్ మోగితే, ఉన్నచోటే ఉండమని."

థర్జా సగమే విన్నది. మిగతా సగం గుమ్మం వైపుంది. అక్కడ అవతలి కంచె కనబడటం మానేసింది.

పరుగున ఒడ్డుకి పోయింది. తెల్లటి గోడ. పక్కింటివాళ్లు తమ ఇంటిపేరు పెట్టి "బరో! బరో!" అని అరుస్తుంటే వాళ్ల మనుషులు ఒక్కొక్కరే మంచులోంచి బయటికొస్తున్నారు. మనిషికి పెట్టిన పేరు సముద్రం వినకూడదని, ఇంటిపేరుతోనే పిలవాలని ఆ ఒడ్డు నమ్మకం. బకెట్ ఇంట్లోనే ఉండిపోయింది. థర్జా నోరు దానంతటదే తెరుచుకుంది.

"వేడ్!"

మంచు లోపల్నించి, దూరంగా, "సరేనమ్మా" అని వినిపించింది. ఆ వెనకే నీళ్లలో కాలు పడిన చప్పుడు.

అత్త చెప్పిన మాట అప్పుడు బుర్రకెక్కింది. ఆగమని అరవబోయింది. అంతలోనే, మంచులో ఏ మాట ఎలా వినబడుతుందోనని రెండు చేతులా నోరు మూసుకుంది. వెనక నుంచి డోర్కస్ బకెట్ పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. కోడలి మొహం చూసింది. బకెట్ మోగించడం మొదలుపెట్టింది.

మంచు పలచబడేదాకా మోగిస్తూనే ఉంది. అటు పోటు హోరు మొదలయ్యే వేళకి, కొమ్మల వరసలోంచి కెజాయా నడిచొచ్చింది. నడుం దాకా తడి. థర్జా పిల్లని వాటేసుకుని, ఒళ్లంతా తడిమి చూసుకుంది.

"దిగాక బకెట్ వినబడి ఆగిపోయానమ్మా," అంది పిల్ల, పళ్లు టకటకలాడుతుంటే. "అయినా నేను ఆగాక కూడా వేడ్, వేడ్ అని అలా పిలుస్తూనే ఉన్నావేం?"

"ఒక్కసారే పిలిచానే తల్లీ."

కెజాయా వెనక్కి తిరిగి, ఆ కేక వినబడిన మడుగు వైపు చూసింది.

పిల్ల ఇల్లు చేరింది, ఇక చాలత్తయ్యా అంది థర్జా. డోర్కస్ వినిపించుకోలేదు. సముద్రం వైపే చూస్తూ, లోపలున్నవాళ్లని ఉన్నచోటే ఉండమన్నట్టు, ఇంకా గట్టిగా మోగిస్తోంది.